విదేశాలకు వెళ్లే పెద్దలకు – మందుల సంచిలో ఏమి ఉండవలెను, ఏమి ఉండరాదు?

చికిత్స ఆరంభించే ముందు వైద్యుడు దేశం, కాలం, వయస్సు, బలం, అగ్ని, సాత్మ్యం అనే విషయాలను పరిశీలించవలెనని ఆయుర్వేదం చెబుతున్నది. దేశం అనగా రోగి పుట్టి పెరిగిన నేల, ఇప్పుడు నివసిస్తున్న నేల. జాంగలం, ఆనూపం, సాధారణం అని అది మూడు విధాలు. గురుకులంలో మా గురువుగారు ఈ పాఠం చెబుతూ, గోదావరి లంకలలో ఉండే మనిషికీ అనంతపురం మెట్టలో ఉండే మనిషికీ ఒకే మోతాదున ఒకే మందు ఇవ్వరాదని ఉదాహరణ చెప్పేవారు. దేశం అనే మాటలో ఆ దేశపు చట్టమూ, విమానాశ్రయంలో కస్టమ్స్ వారి తనిఖీ బల్లా కూడా ఇమిడి ఉంటాయని ఆ రోజులలో ఆయనకు గాని నాకు గాని తోచలేదు. ఆ భాగాన్ని నేను వైద్యం ప్రారంభించిన చాలా కాలానికి, ఒక తప్పు చేసి నేర్చుకొన్నాను.

నేడు మన మధ్యతరగతి కుటుంబాలలో కూతురి కాన్పుకో, కోడలి కాన్పుకో అమెరికా, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలకు వెళ్లని పెద్దలు అరుదు. ప్రయాణానికి నెల ముందు వారు నా వద్దకు వస్తారు. మోకాళ్ల నొప్పికి తైలం, అజీర్ణానికి చూర్ణం, బాలింతకు కాయం, పసిబిడ్డకు వస కొమ్ము, ఇలా పెద్ద జాబితా ఉంటుంది. అందులో ప్రతి వస్తువూ ప్రేమతో కోరినదే. అయినను ప్రేమతో కట్టిన ఆ సంచియే పరదేశంలో తల్లికీ బిడ్డకూ చిక్కులు తెచ్చిపెట్టే అవకాశం ఉన్నది. కనుక ఈ వ్యాసాన్ని పాఠకులు, ముఖ్యంగా ప్రయాణ సన్నాహంలో ఉన్నవారు, శ్రద్ధగా చదవవలెనని కోరుతున్నాను.

నా పొరపాటు

కొన్ని సంవత్సరాల క్రితం అరవై దాటిన ఒక తల్లి, గల్ఫ్‌లో ఉన్న కూతురి కాన్పుకు వెళుతూ ఆరు నెలలకు సరిపడా మందులు అడిగింది. మా గురువుగారి వద్ద నేర్చిన అలవాటు ప్రకారం చూర్ణాలను విడివిడిగా కాగితపు పొట్లాలు కట్టి ఇచ్చాను. ఏది ఉదయం, ఏది రాత్రి అని నోటితో చెప్పాను. పొట్లాల మీద పేరు వ్రాయలేదు. చీటీ ఇవ్వలేదు.

అక్కడ దిగగానే తనిఖీలో ఆ పొట్లాలు బయటపడ్డాయి. పేరు లేని గోధుమరంగు పొడి ఇరవై పొట్లాలలో ఉంటే ఏ అధికారి అయినా అనుమానించక మానడు. అర్ధరాత్రి ఆమె అల్లుడు నాకు ఫోన్ చేసి, "వైద్యులు గారూ, ఈ పొడిలో ఏముందో వీరికి చెప్పండి" అన్నాడు. నేను శొంఠి, పిప్పళ్లు, వాము, సైంధవ లవణం అని చెప్పాను. వారికి కావలసినది నా నోటి మాట కాదు. వైద్యుని సంతకంతో కూడిన పత్రం కావలెను, ద్రవ్యాల శాస్త్రీయ నామాలు కావలెను. ఆ రెండూ ఆమె వద్ద లేవు. ఆమె రక్తపోటు మాత్రలు పెద్ద పెట్టెలో ఉండిపోయాయి. పొడిని పరీక్షించి, దోషం లేదని తేల్చి ఆమెను విడిచిపెట్టేసరికి మరునాటి మధ్యాహ్నమైనది. ఆ రాత్రే కూతురు ప్రసవించింది. తల్లి ఆమె పక్కన లేదు.

తిరిగి వచ్చిన తరువాత ఆమె నన్ను నిందించలేదు. "మీ మందు మీద నాకు నమ్మకం ఉంది గాని, వారికి ఎట్లా ఉంటుందయ్యా? పేరు కూడా లేదాయె" అన్నది. పేరు, రూపం, గుణం తెలియని ద్రవ్యం ప్రమాదకరమని చరక సంహిత సూత్రస్థానంలోని మొదటి అధ్యాయమే హెచ్చరిస్తున్నది. ఆ మాటను శిష్యులకు బోధించిన నేను పొట్లం మీద పేరు వ్రాయడం మరచితిని. ఆ రోజు నుండి ప్రయాణికులకు పొట్లాలు కట్టి ఇవ్వడం మానివేశాను.

మందులు తీసుకువెళ్లే పద్ధతి

మొదటి నియమం: మందును తయారీదారు సీలు వేసిన డబ్బాలోనే, పేరు చీటీ చిరగకుండా తీసుకువెళ్లవలెను. ఇంట్లో నూరిన పొడి, విడి మాత్రలు, పేరులేని సీసా వెంట ఉండరాదు. అల్లోపతి మాత్రలకు కూడా ఇదే నియమం. వారం రోజుల మాత్రలు పోసుకొనే గళ్ల డబ్బాను ఖాళీగా తీసుకువెళ్లి, అక్కడికి చేరిన తరువాత నింపుకొనవచ్చును.

రెండవది: వైద్యుని పత్రం. అది ఇంగ్లీషులో ఉండవలెను. రోగి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే వ్రాయవలెను. వ్యాధి, మందు పేరు, మోతాదు, ఎన్ని రోజులకు అనే వివరాలతో పాటు ఆయుర్వేద మందుల విషయంలో మూలికల శాస్త్రీయ నామం కూడా ఉండవలెను. అశ్వగంధ అంటే పరదేశపు అధికారికి తెలియకపోవచ్చును, విథానియా సోమ్నిఫెరా అంటే పుస్తకంలో చూసుకొనగలడు.

మూడవది: పరిమాణం. అమెరికాలో సొంత వాడకానికి సాధారణంగా 90 రోజులకు మించని మందులను అనుమతిస్తారు. ఆస్ట్రేలియాలో కూడా మూడు నెలల పరిమితి ఉన్నది. జపాన్‌కు ఒక నెలకు మించి వైద్యుడు వ్రాసిన మందులు తీసుకువెళ్లవలెనన్న ముందుగా అక్కడి ప్రభుత్వ ధ్రువపత్రం పొందవలెను. కనుక ఆరు నెలల మందులు ఒకేసారి మోసుకొని పోవడం తగదు.

నాలుగవది: ముఖ్యమైన మందులు చేతి సంచిలోనే ఉండవలెను. రక్తపోటు, గుండె, మధుమేహం, ఉబ్బసం మందులను పెద్ద పెట్టెలో వేయరాదు. పెట్టె ఆలస్యంగా రావచ్చును, అసలు రాకపోవచ్చును. ఇన్సులిన్ సామాను అరలోని చలికి గడ్డకట్టి గుణం కోల్పోయే ప్రమాదం ఉన్నది.

వెంట తీసుకువెళ్లరాని ఔషధాలు

మన శాస్త్రీయ యోగాలలో కొన్నింటిలో నల్లమందు, భంగు వంటి ద్రవ్యాలు చేరతాయి. జాతీఫలాది చూర్ణంలో భంగు, కామినీ విద్రావణ రసంలో నల్లమందు ఉంటాయి. మన దేశంలో వైద్యుని పర్యవేక్షణలో వాడే ఈ మందులు సరిహద్దు దాటగానే మాదక ద్రవ్యాలుగా పరిగణింపబడతాయి. తెలియక తెచ్చాను అన్న సమాధానం చాలా దేశాలలో చెల్లదు. భారత ఔషధ నియమాలలోని షెడ్యూల్ ఇ(1)లో చేరిన విషద్రవ్యాలు ఉన్న మందుల మీద వైద్య పర్యవేక్షణలో మాత్రమే వాడవలెననే హెచ్చరిక ముద్రించి ఉంటుంది. ఆ హెచ్చరిక ఉన్న ఏ డబ్బానూ ప్రయాణపు సంచిలో వేయరాదు.

ఆసవాలు, అరిష్టాలు పులియబెట్టి తయారుచేసేవి కనుక వాటిలో సహజంగానే కొంత మద్యసారం పుడుతుంది. దశమూలారిష్టం వంటి వానిలో అది సామాన్యంగా నూటికి ఐదు నుండి పది వంతుల వరకు ఉంటుంది. మద్యాన్ని నిషేధించిన సౌదీ అరేబియా, కువైట్ వంటి దేశాలకు బాలింతకని అరిష్టం సీసా తీసుకువెళ్లడం కోరి కష్టం తెచ్చుకొనడమే. బదులుగా అదే ద్రవ్యాలతో చేసిన మాత్ర ఉన్నదేమో వైద్యుని అడగండి.

అల్లోపతి మందులలో కోడీన్ కలిసిన దగ్గు మందులు, ట్రమడాల్ నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు అరబ్ ఎమిరేట్స్‌లో ముందస్తు అనుమతి లేనిదే తీసుకుపోరాదు. దగ్గుకని ఇంట్లో ఉన్న పాత సీసాను సంచిలో పడవేసే అలవాటు మనలో చాలామందికి ఉన్నది. దాని మీద కోడీన్ అని వ్రాసి ఉన్నదేమో తప్పక చూడవలెను.

రసౌషధాల గురించి ఒక మాట చెప్పక తప్పదు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఒకటో, అంతకు మించియో కనబడినట్లు అక్కడి వైద్య పత్రిక ప్రకటించినది. అది చదివినప్పుడు నాకు మొదట కోపం వచ్చినది. శోధన, మారణ సంస్కారాల గురించి వారికేమి తెలుసునని అనుకొన్నాను. తరువాత ఆలోచించగా, దుకాణంలో కొన్న డబ్బాలోని భస్మం సరిగా సంస్కరింపబడినదో లేదో నేను మాత్రం ఎట్లా చెప్పగలనని తోచినది. మన ప్రభుత్వం కూడా 2006 జనవరి 1 నుండి ఎగుమతి చేసే మూలికా మందులకు లోహ పరీక్షలను తప్పనిసరి చేసినది. భస్మాలు, సిందూరాలు, రసమాత్రలు వెంట తీసుకువెళ్లవద్దని నేను ప్రయాణికులకు నిర్మొహమాటంగా చెబుతున్నాను.

ఒక దేశంలో సామాన్యమైన మూలిక మరొక దేశంలో నిషిద్ధం కావచ్చును. మనం బలానికని వాడే అశ్వగంధను డెన్మార్క్ ప్రభుత్వం 2023లో ఆహార పదార్థాలలో నిషేధించినది. కనుక గత సంవత్సరం స్నేహితురాలు తీసుకువెళ్లింది కదా అని మనం తీసుకువెళ్లరాదు.

వంటింటి దినుసులు

గసగసాలు: మసాలాకూ, బాలింత పథ్యానికీ మనం వాడే ఈ దినుసు నల్లమందు మొక్క విత్తనమే. అరబ్ ఎమిరేట్స్, సౌదీ అరేబియా, సింగపూర్‌లలో నిషిద్ధం. పొడి మసాలాలో కలిపి నూరినా తప్పు తప్పే. మా వద్దకు వచ్చిన ఆ తల్లి సంచిలో నుండి కోడలు యాదృచ్ఛికంగా గసగసాల పొట్లం తీసివేసినదట. లేకుంటే ఆమె ఒక్క రాత్రితో బయటపడేది కాదు.

తమలపాకులు: ఎమిరేట్స్‌కు తీసుకువెళ్లరాదు.

కరివేపాకు, పచ్చి ఆకులు, పండ్లు: అమెరికాలో పచ్చి కరివేపాకు నిషిద్ధం. నిమ్మ, నారింజ తోటలను నాశనం చేసే తెగులును మోసే చిన్న పురుగు ఆ ఆకు మీద ఉంటుంది. మామిడిపండు, నిమ్మకాయ, మొక్క, నాటే విత్తనం కూడా విడువవలసినవే.

బియ్యం: ధాన్యాన్ని తినే ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుండి ప్రయాణికులు బియ్యం తేవడాన్ని అమెరికా నిషేధించినది. పసిబిడ్డ ఉగ్గుకని దంచిన బియ్యాన్ని మూటకట్టడం వృథా శ్రమ. అక్కడి దుకాణాలలో మన బియ్యం దొరుకుతుంది.

మాంసం పచ్చళ్లు: కోడి, మేక మాంసం పచ్చళ్లు అమెరికా, ఆస్ట్రేలియాలలో ఒప్పుకొనరు. మామిడి, ఉసిరి వంటి ఊరగాయలను దుకాణంలో సీలు వేసినవిగా తీసుకొని, అక్కడ చెప్పి చూపించవలెను.

గోమూత్రం, పిడకలు, పంచగవ్యాలు: పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి భయం వలన వీటిని అనుమతించరు. 2021 ఏప్రిల్‌లో భారతదేశం నుండి వచ్చిన ఒక ప్రయాణికుని పెట్టెలో దొరికిన రెండు పిడకలను వాషింగ్టన్ సమీపంలోని డల్లెస్ విమానాశ్రయంలో ధ్వంసం చేశారు.

తేనె: న్యూజీలాండ్‌కు తేనె తీసుకువెళ్లరాదు. అక్కడ చెప్పకుండా నిషిద్ధ పదార్థం తెచ్చినవారికి అక్కడికక్కడే 400 న్యూజీలాండ్ డాలర్ల జరిమానా విధిస్తారు.

కర్పూరం, ఎండుకొబ్బరి: ఇవి సులభంగా అంటుకొనే స్వభావం గలవి కనుక విమానంలో తీసుకుపోరాదు. నోములకని, పూజలకని వీటిని పెట్టెలో వేసి విమానాశ్రయంలో తీసి పారవేసేవారిని చూస్తున్నాము.

కస్తూరి, ఎర్రచందనం: కస్తూరి మృగం మన వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నది. శేషాచలం అడవులలో పెరిగే ఎర్రచందనం అంతర్జాతీయ ఒప్పందం క్రింద నియంత్రణలో ఉన్నది. ముఖానికి అరగదీసుకొనే చిన్న చెక్క ముక్కయే కదా అని పెట్టెలో వేయరాదు.

ఇవన్నీ గుర్తుంచుకొనడం కష్టమనుకొనేవారు ఒక్క నియమం పాటించండి. విమానంలోనో, దిగిన తరువాతనో ఇచ్చే పత్రంలో ఆహార పదార్థాలు ఉన్నవా, మందులు ఉన్నవా అని అడుగుతారు. అవును అని వ్రాయండి. చెప్పి చూపించినవారి వద్ద సాధారణంగా ఆ వస్తువును మాత్రమే తీసివేస్తారు. దాచినవారికి జరిమానా. అమెరికాలో అది 10,000 డాలర్ల వరకు ఉండవచ్చును. ఆస్ట్రేలియాలో వీసా రద్దు చేసే అధికారం కూడా వారికి ఉన్నది. భాష రాకపోతే వస్తువుల జాబితాను ఇంగ్లీషులో వ్రాయించుకొని, పాస్‌పోర్టుతో పాటు చేతిలో ఉంచుకొనండి.

పసిబిడ్డ విషయంలో ప్రత్యేక జాగ్రత్త

ఈ భాగం అమ్మమ్మలకు, నాయనమ్మలకు కొంత కష్టం కలిగించవచ్చును. అయినను వ్రాయక తప్పదు.

వస కొమ్మును తేనెలో అరగదీసి బిడ్డ నాలుకకు రాయడం మన ఆచారం. వసను ఆహారంలో వాడడాన్ని అమెరికా ప్రభుత్వం 1968లోనే నిషేధించినది. ఇక తేనె, ఏడాది నిండని బిడ్డకు అసలే పెట్టరాదు. తేనెలో ఉండే ఒక విధమైన సూక్ష్మజీవి బీజాలు పసిబిడ్డ ప్రేగులలో మొలకెత్తి, కండరాలను చచ్చుబరచే విషాన్ని పుట్టించగలవు. పెద్దవారి జఠరాగ్నికి అది లెక్కలోనిది కాదు. పసిబిడ్డ అగ్ని ఇంకను మందమైనది.

కాటుక, సిందూరం విషయం కూడా అట్టిదే. బజారులో దొరికే కొన్ని కాటుకలలో, కొన్ని సిందూరాలలో సీసం ఉంటుంది. సీసం పసిబిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే పరిమాణం సీసానికి లేదు. బిడ్డ కంటికి పెట్టిన కాటుక చేతి ద్వారా నోటికి చేరుతుంది. దిష్టి చుక్క పెట్టక తప్పదనుకొంటే బిడ్డకు కాక ఉయ్యాలకు పెట్టండి.

బాలింతకు ఇచ్చే కాయం, శొంఠి లేహ్యం మొదలగువానిని అక్కడి ప్రసూతి వైద్యులకు చెప్పకుండా ఇవ్వరాదు. ఆమె మరేదైనా మందు వాడుతూ ఉండవచ్చును. ఉదాహరణకు అతిమధురం ఎక్కువగా తీసుకొంటే రక్తపోటు పెరుగుతుంది. కాన్పు తరువాత రక్తపోటు ఉన్న తల్లికి అది కీడు చేస్తుంది.

విమానంలో పాటించవలసినవి

విమానం లోపలి గాలి ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉన్నంత పలుచగా ఉంటుంది. అనగా ఊటీ కొండ మీద కూర్చొన్నట్లు. గాలిలో తేమ మిక్కిలి తక్కువ. ఎత్తు, చలి, రూక్షత, ఒకేచోట కూర్చొనడం, ఇవన్నీ వాతాన్ని ప్రకోపింపజేసేవే. గుండె, ఊపిరితిత్తుల వ్యాధులు ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే ప్రయాణం చేయరాదు.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చొంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గంటకొకసారి లేచి నడవవలెను. కూర్చొన్నప్పుడు మడమలను, వేళ్లను పైకి క్రిందికి పదేసి సార్లు ఆడించవలెను. బిగుతు దుస్తులు తగవు. ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ప్రయాణం తరువాత ఆయాసమో ఛాతీ నొప్పో వచ్చినా, తైలం రాసుకొని కూర్చొనరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

గోరువెచ్చని నీరు కొద్దికొద్దిగా త్రాగుతూ ఉండవలెను. కాఫీ, వేపుళ్లు తగ్గించవలెను. ముక్కు ఎండిపోకుండా నువ్వుల నూనెను వ్రేలికొనతో ముక్కుపుటాల అంచున రాసుకొనవచ్చును. చేతి సంచిలో ద్రవాలు ఏ సీసాలోనూ 100 మిల్లీలీటర్లకు మించరాదు.

చేరిన తరువాత

చేరిన రోజు పగలు నిద్ర ఎంత ముంచుకొచ్చినా దీర్ఘంగా పడుకొనరాదు. ఉదయపు ఎండలో అరగంట నడవవలెను. శరీరం అక్కడి పగలు రాత్రులకు అలవాటు పడడానికి ఇంతకంటె మంచి మందు లేదు. మొదటి రెండు రోజులు పెసరకట్టు, జావ, మెత్తని అన్నం వంటి తేలిక ఆహారం మేలు. మధుమేహ మాత్రలు, ఇన్సులిన్ వేళలు ఎట్లా మార్చుకొనవలెనో ప్రయాణానికి ముందే వైద్యుని అడిగి వ్రాయించుకొనవలెను.

విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి త్రాగవలెను. చెంచాలు చిన్నవి, సమంగా నింపినవి కావలెను. జ్వరం, రక్తం పడడం ఉన్నచో చిట్కాలతో కాలయాపన చేయరాదు. వైద్య బీమా లేకుండా విదేశానికి బయలుదేరరాదు. పాత వ్యాధులకు అది వర్తించునో లేదో ముందుగానే చూసుకొనవలెను.

ఆఫ్రికాలోని పీతజ్వర ప్రాంతాలకు వెళ్లేవారు కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకొని ధ్రువపత్రం దగ్గర ఉంచుకొనవలెను. అది లేనిదే తిరిగి వచ్చినవారిని మన దేశంలో ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు.

బయలుదేరే వారం ముందు

సంచిని నేల మీద పరచి ఒక్కొక్క వస్తువును చేతిలోకి తీసుకొనండి. దీని పేరేమి, ఇందులో ఏమున్నది, ఎవరి కొరకు అని మిమ్ములను మీరే ప్రశ్నించుకొనండి. మూడింటికీ జవాబు చెప్పలేని వస్తువును ఇంట్లోనే విడువండి. నియమాలు మారుతూ ఉంటాయి కనుక ఆ దేశపు రాయబార కార్యాలయం, కస్టమ్స్ శాఖ ప్రకటనలను పిల్లల చేత ఒకసారి చూపించుకొనండి.

ఇప్పుడు నా వద్దకు వచ్చే ప్రతి ప్రయాణికునికీ మందుతో పాటు సంతకం చేసిన పత్రం రెండు ప్రతులు ఇస్తున్నాను. ఒకటి చేతి సంచిలో, ఒకటి పెద్ద పెట్టెలో ఉంచమని చెబుతున్నాను. మీరు ఏ వైద్యుని వద్ద మందు తీసుకొన్నా ఈ పత్రాన్ని అడిగి తీసుకొనండి. అది అడగడం వైద్యుని అవమానించడం కాదు. నన్ను ఆ తల్లి ముందుగా అడిగి ఉంటే, కూతురి కాన్పు వేళకు ఆమె పక్కనే ఉండేది.